మా పాఠాన్ని పక్క కాలేజీ వాళ్ల ముందు పెట్టిన నాలుగు నెలలు: ప్రాజెక్టు డైరీ

జూన్ 21

తిరుపతిలో మా డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేది నేనొక్కడినే. చిత్తూరులో ఇదే పేపరు చెప్పే మేడమ్ కూడా వాళ్ల కాలేజీలో ఒక్కరే. పుత్తూరు కాలేజీలోనైతే ఆ పోస్టే ఖాళీ. కంప్యూటర్స్ సార్ తన క్లాసులతో పాటు దాన్ని కూడా నెట్టుకొస్తున్నారు. మూడూ ఎస్వీ యూనివర్సిటీ కింది కాలేజీలే కాబట్టి సిలబస్ ఒకటే, ఐదు యూనిట్లూ అవే, పిల్లలు తడబడే చోట్లూ అవే. అయినా కరోనా నాటి నుంచి మూడు చోట్లా మూడు వేరువేరు ఆన్‌లైన్ కోర్సులు నడుస్తున్నాయి. ఒకరి కోర్సును ఇంకొకరు ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

పోయిన నెల పేపర్లు దిద్దడానికి వెళ్లినప్పుడు ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. అప్పుడే మాట వచ్చింది. మూడు అరకొర కోర్సులు ఎందుకు, ముగ్గురం కలిసి ఒక్క మంచి కోర్సు చేద్దాం అని. అదనపు ఖర్చేమీ లేదు కాబట్టి ప్రిన్సిపాళ్ల అనుమతి వారంలోనే వచ్చింది.

మంచి పాఠాలు దేశంలో లేక కాదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ 2003 నుంచీ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ 2017 జూలైలో వచ్చింది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారానే చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. మా పిల్లలు వాటిలో ఉత్సాహంగా చేరతారు. రెండు మూడు వారాలకు ఆగిపోతారు. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లకు ఆ ఇంగ్లీషు, ఆ వేగం ఒక్కసారిగా అందవు. మధ్యలో ఒక మెట్టు కావాలి. మేం కట్టాలనుకుంటున్నది ఆ మెట్టే.

జూన్ 29

కొలబద్ద లేకుండా తోటి లెక్చరర్ పాఠం చూడమంటే ఎవరైనా "బాగుంది సార్" అంటారు. మొహమాటం అలాంటిది. అందుకే ముందు కొలబద్ద వెతికాను.

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని కాలేజీలకు 2003లో ఇదే చిక్కు వచ్చింది. ఒక కాలేజీ ఆన్‌లైన్ కోర్సు నాణ్యతను ఇంకో కాలేజీ ఎలా నమ్మాలి? అప్పుడు వాళ్లు మొదలుపెట్టిన పనే తర్వాత క్వాలిటీ మ్యాటర్స్ అనే సంస్థగా ఎదిగింది. ఒక కోర్సును ముగ్గురు చూస్తారు. అందులో ఒకరైనా బయటి కాలేజీవారు, ఒకరైనా ఆ సబ్జెక్టు తెలిసినవారు అయి ఉండాలి. ఒక్కో అంశానికి దాని ముఖ్యతను బట్టి 3, 2 లేదా 1 మార్కు. ముగ్గురిలో ఇద్దరు "ఉంది" అంటే ఆ మార్కులు పూర్తిగా వస్తాయి, లేకపోతే సున్నా. సగం మార్కులు వేసే వీలు లేదు. 3 మార్కుల అంశాలన్నీ నెగ్గాలి, మొత్తం మీద 85 శాతం రావాలి. రాకపోతే సరిచేసి మళ్లీ చూపించవచ్చు.

వాళ్ల పద్ధతిలో నన్ను బాగా ఆకట్టుకున్న మాట ఇంకొకటి ఉంది. చూసేది కోర్సు ఎలా కట్టారన్నది మాత్రమే, టీచర్ ఎలా చెబుతారన్నది కాదు. ఈ ఒక్క గీత గీసుకుంటే మొహమాటం సగం పోతుంది.

వాళ్ల జాబితాను అలాగే తీసుకోలేదు. మా పిల్లల సంగతి మనసులో పెట్టుకుని 22 అంశాలు తెలుగులో రాసుకున్నాం. 3 మార్కులవి ఎనిమిది, 2 మార్కులవి ఎనిమిది, 1 మార్కువి ఆరు. మొత్తం 46. కోర్సు నిలబడాలంటే 40 రావాలి. "మొదటి పేజీ తెరవగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తోందా?", "నేర్పుతామని చెప్పినదాన్నే పరీక్షలో అడుగుతున్నారా?", "రోజుకు ఒక జీబీ డేటా ఉన్న ఫోన్‌లో ఒక వారం పాఠం పూర్తవుతుందా?" ఇలా ఉంటాయి ప్రశ్నలు. చివరిది పుత్తూరు సార్ పట్టుబట్టి పెట్టించారు.

జూలై 12, రెండో శనివారం

ముందుగా నా కోర్సునే చూడమన్నాను. మిగతా రెండింటి కంటే అదే కాస్త నిండుగా ఉంది, దాని మీదే అందరం కట్టబోతున్నాం. చిత్తూరు మేడమ్ తెల్లవారుజామున బయల్దేరి బస్సులో వచ్చారు, పుత్తూరు సార్ బైకు మీద. మూడో మనిషిగా మా కాలేజీ తెలుగు మేడమ్‌ను కూర్చోబెట్టాం. ఆమెకు స్టాటిస్టిక్స్ రాదు. అందుకే కావాలనుకున్నాం.

షరతు ఒక్కటే: ముగ్గురూ విద్యార్థి లాగిన్‌తో ఫోన్‌లోనే చూడాలి, నేను నోరు విప్పకూడదు.

మొదటి పది నిమిషాలు నా జీవితంలో చాలా పెద్దవి. పుత్తూరు సార్ వేలు తెర మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. 23 పీడీఎఫ్‌లు వరుసగా ఉన్నాయి. "యూనిట్ 2 కొత్తది", "యూనిట్ 2 ఫైనల్", "యూనిట్ 2 ఫైనల్ సవరించినది" అని పేర్లు. వాటిలో ఏది చదవాలో నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసు. నాలుగేళ్లుగా ఆ పేజీని రోజూ చూస్తున్నాను గనుక అది నా కంటికి ఏనాడూ ఆనలేదు.

తెలుగు మేడమ్ రెండు చోట్ల ఆగారు. ఒకటి, ఉదాహరణలు డాలర్లలో, బేస్‌బాల్ స్కోర్లలో ఉన్నాయి. పాత ఇంగ్లీషు పుస్తకం నుంచి దించుకున్నవి. రెండు, ఒకే విషయాన్ని ఒకచోట మీడియన్ అని, ఇంకోచోట మధ్యగతం అని, మూడోచోట మధ్యమ విలువ అని రాశాను. "ఇవి మూడా, ఒకటా?" అని అడిగారు. అంకమధ్యమం (మీన్), మధ్యగతం (మీడియన్), బాహుళకం (మోడ్) అన్న మాటలను మొదటిసారి వచ్చినప్పుడు ఇంగ్లీషు మాట పక్కన పెట్టి, ఆ తర్వాత చివరిదాకా ఒకే మాట వాడాలని అక్కడే తీర్మానించుకున్నాం. పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి రెండూ తెలియాలి.

చిత్తూరు మేడమ్ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఏమనుకోబాకండి సార్, ఒక మాట చెప్తా" అన్నారు. యూనిట్ 2 మొదట్లో నేను "సందర్భానికి తగిన సగటును విద్యార్థి ఎంచుకోగలుగుతారు" అని రాశాను. ఆ యూనిట్ క్విజ్‌లో 15 ప్రశ్నలు. అన్నీ నిర్వచనాలు, సూత్రాలు. ఎంచుకోమని అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు. "మీరు ఈత నేర్పిస్తామని చెప్పి, నీళ్ల గురించి అడిగినట్టు ఉండాది సార్."

ఆ మాట పట్టుకుని ఐదు యూనిట్లూ మళ్లీ చూశాం. "అర్థం చేసుకుంటారు", "అవగాహన పొందుతారు" అని రాసుకున్నవన్నీ తీసేశాం. అర్థం చేసుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? "లెక్కిస్తారు", "పోల్చి చెబుతారు", "కారణం చూపి ఎంచుకుంటారు" అని మార్చాం. ఒక పెద్ద చార్టు తీసుకుని ఎడమ వైపు ఆ వాక్యాలు, మధ్యలో దానికి సంబంధించిన వీడియో, కుడి వైపు దాన్ని కొలిచే ప్రశ్న రాసుకుంటూ పోయాం. కుడి వైపు చాలా గళ్లు ఖాళీగా మిగిలాయి. ఒక వీడియోకైతే ఎడమ వైపు ఏమీ లేదు. నాకు ఇష్టమైన టాపిక్ కాబట్టి చెప్పాను, అంతే. తీసేశాం.

మార్కులు: 46కు 27. మూడు మార్కుల అంశాలు మూడు పోయాయి. మధ్యాహ్నం భోజనం దగ్గర నాకు ముద్ద దిగలేదు. కానీ రాత్రి ఆ చార్టును గోడకు అంటించుకుని చూస్తుంటే, ఈ పదేళ్లలో నా పాఠం గురించి ఎవరూ ఇంత శ్రద్ధగా నాతో మాట్లాడలేదని అనిపించింది.

ఆగస్టు 3

వీడియోలు. నా యూనిట్ 2 వీడియో 52 నిమిషాలది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనం ఒకటి ఉంది. ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు బాగా చూశారని అందులో తేలింది. మేం ఆరు నిమిషాలే అని గిరి గీసుకోలేదు. ఒక వీడియోకు ఒకే ప్రశ్న, దానికి జవాబు దొరికితే ఆపేయాలి అనుకున్నాం. 52 నిమిషాలది ఏడు ముక్కలైంది, ఒక్కోటి 5 నుంచి 9 నిమిషాలు. ఊరికే కోస్తే సరిపోదు. "ఇందాక చెప్పుకున్నట్టు" అన్న మాట కొత్త ముక్క మొదట్లో వస్తే పిల్లలకు ఏమీ తెలియదు. అందుకని నాలుగు ముక్కలు మళ్లీ రికార్డు చేశాను.

పని చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఫ్యాను ఆపాలి. ఉదయం ఆరింటికి ముందే రికార్డు చేయాలి, ఆ తర్వాత మా వీధిలో హారన్లు ఆగవు. మొదట రెండు సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి పెట్టుకుంటే, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ నిశ్శబ్దాన్నే నమూనాగా ఇచ్చి మిగతా రొదను తగ్గించవచ్చు. కాలర్ మైకు ఫోన్‌కు తగిలించినా చాలు, గొంతు దగ్గరగా వినిపిస్తుంది.

సైజు సంగతి పుత్తూరు సార్ చూసుకున్నారు. 8 నిమిషాల వీడియో 90 ఎంబీ ఉండేది. తెర మీద కదిలేది అక్షరాలే కాబట్టి సెకనుకు 30 ఫ్రేములు అక్కర్లేదు, 15 చాలు. వీడియో సైజు తగ్గించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో 480పీకి దించితే 28 ఎంబీకి వచ్చింది. అంకెలు స్పష్టంగానే ఉన్నాయి, ఎందుకంటే స్లైడు మీద అక్షరాలను ముందే పెద్దవి చేశాం. మొదట అవి చిన్నగా ఉండేవి, ఏ నాణ్యతలో పెట్టినా ఫోన్‌లో చదవలేకపోయేవాళ్లు.

పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయికి చూపించాం. "ముందు వీడియో తిరగతానే ఉండేది సార్, ఇది వెంటనే వచ్చింది" అంది.

ఆగస్టు 17, చిత్తూరు

ఈసారి మేం చిత్తూరు వెళ్లాం. మేడమ్ దగ్గర లెక్కల సాధన పత్రాలు 64 పేజీలున్నాయి. ఇరవై ఏళ్లుగా పోగుచేసిన లెక్కలు, మా ముగ్గురి దగ్గరున్న వాటిలో అవే ఉత్తమం. వాటిని కోర్సులోకి తేవడం ఒక పూట పని అనుకున్నాం.

మేడమ్ క్లాసులో చూపు లేని అబ్బాయి ఒకడున్నాడు, బీఏ ఎకనామిక్స్. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటూ చదువుతాడు. ఒక పత్రం తెరిచి మా ముందే వినిపించాడు. ఫోన్ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిపి అర్థం లేని చప్పుళ్లు చేసింది. పత్రం మా కళ్లకు చక్కటి తెలుగులోనే కనిపిస్తోంది.

కారణం అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాటిలోనే టైపు చేయించుకున్నాం. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు పెడతాయి. కంప్యూటర్‌కు సంబంధించినంతవరకు అక్కడ ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే. మనిషి కంటికి తెలుగు, యంత్రానికి గజిబిజి. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పాడవుతుంది, వినిపించమంటే ఇలా అవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో మొదటి వెర్షన్ నుంచే చోటు ఉంది. మా పత్రాలు మాత్రం ఆ చోటికి చేరలేదు.

అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ల వెంట పడ్డాం. అక్షరాలు చాలావరకు వచ్చాయి, ఒత్తులు అక్కడక్కడా జారిపోయాయి, సూత్రాలు మొత్తం చెదిరిపోయాయి. 64 పేజీలను ఐదుగురు విద్యార్థులతో పంచుకుని అక్షరం అక్షరం దిద్దాం. సూత్రాలను బొమ్మలుగా అతికించకుండా మా కోర్సు నడిచే సాఫ్ట్‌వేర్ మూడుల్ (Moodle)లోనే, సూత్రాలను అక్షరాలుగా టైపు చేసే లేటెక్ పద్ధతిలో రాశాం. బొమ్మగా పెడితే ఫోన్ "చిత్రం" అని చెప్పి ముందుకు పోతుంది. స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాల పేజీలు కూడా ఇదే కారణంతో తీసేశాం. ఎలాగూ వాటి కాపీరైట్ మనది కాదు.

ఈ పనికి మూడు ఆదివారాలు పట్టాయి. మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. నాకు ఒక్క గంట కూడా వృథా అనిపించలేదు.

ఆగస్టు 31

కాణిపాకంలో వినాయక చవితి బ్రహ్మోత్సవాలు 21 రోజులు. చిత్తూరు పిల్లల్లో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. క్విజ్ గడువు రెండు వారాలు పొడిగించాం. తిరుపతి పిల్లలకు శ్రీవారి బ్రహ్మోత్సవాలప్పుడు ఇదే ఇబ్బంది వస్తుంది. ముందుగా మూడు ఊళ్ల పండుగలూ, సంతలూ చూసుకుని క్యాలెండర్ వేసుకోవాల్సింది.

సెప్టెంబరు 14

ఈ రోజు పెద్ద ముప్పు తప్పింది. కోర్సు మొత్తాన్ని పుత్తూరు సర్వర్‌లో కూడా పెడదామని మూడుల్ బ్యాకప్ ఫైలు పంపాను. అరగంటకు సార్ నుంచి ఫోన్. "సార్, మీ పిల్లల పేర్లు, మెయిల్స్, మార్కులు అన్నీ వచ్చేసినాయి. నేను తీసేస్తున్నా, మీరు డ్రైవ్‌లో ఉన్న ఫైలు కూడా తీసేయండి." బ్యాకప్ తీసేటప్పుడు మొదటి పేజీలోనే చేరిన విద్యార్థులను కూడా కలపాలా అన్న టిక్ ఉంటుంది. దాన్ని తీయడం మరిచాను. మూడేళ్లుగా చేరిన పిల్లలందరి వివరాలు అందులో ఉన్నాయి.

వెంటనే రెండు చోట్లా తుడిచేశాం, ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఇకపై బ్యాకప్ తీసేది ఒకరు, ఆ టిక్ చూసి సరే అనేది ఇంకొకరు. ఈ నియమాన్ని మా 22 అంశాల పక్కన ఎర్ర ఇంకుతో రాసుకున్నాం.

అక్టోబరు 5

రెండో సమీక్ష సెప్టెంబరు చివర్లో అయింది. 46కు 42. మూడు మార్కుల అంశాలన్నీ నెగ్గాయి. ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. కానీ ఇవాళ రాయాల్సింది దాని గురించి కాదు, ఏడో ప్రశ్న గురించి.

యూనిట్ 2 క్విజ్‌ను మూడు కాలేజీల్లో కలిపి 111 మంది రాశారు. ఒక్క కాలేజీలో నలభై మందితో చేసే విశ్లేషణ కంటే ఇది గట్టిది. కలిసి పనిచేయడం వల్ల వచ్చిన లాభాల్లో ఇదొకటి. మార్కుల వరుసలో పై 27 శాతం మందిని, కింది 27 శాతం మందిని తీసుకుని ఒక్కో ప్రశ్నకు ఈ రెండు గుంపుల జవాబులనూ పోల్చాలి. 1939లో ట్రూమన్ కెల్లీ చూపించిన పద్ధతి. మాకు పైన 30 మంది, కింద 30 మంది వచ్చారు.

మంచి ప్రశ్నకు పైవాళ్లు ఎక్కువగా, కిందివాళ్లు తక్కువగా సరైన జవాబు ఇస్తారు. ఏడో ప్రశ్నకు పైవాళ్లలో 11 మంది, కిందివాళ్లలో 17 మంది. తేడాను 30తో భాగిస్తే మైనస్ 0.20. బాగా చదివేవాళ్లే ఎక్కువగా తప్పారన్నమాట. మొత్తం 60 మందిలో 28 మంది సరిగ్గా రాశారు కాబట్టి, సరిగ్గా రాసినవాళ్ల శాతం ఒక్కటే చూస్తే ఇది మామూలు ప్రశ్నలాగే కనిపిస్తుంది.

ప్రశ్న ఇది. గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపు. ఐదుగురికి నెలకు 12,000, 12,500, 13,000, 13,500, 1,20,000 రూపాయలు వస్తాయి. ఈ షాపులో ఒక మనిషి మామూలుగా ఎంత సంపాదిస్తాడు? మేం ఇచ్చిన కీ 34,200. అంటే అంకమధ్యమం, అన్నీ కూడి ఐదుతో భాగిస్తే వచ్చేది.

ముగ్గురం ఫోన్‌లో అరగంట మాట్లాడుకున్నాక తెలిసింది ఎక్కడ జారిందో. పాత ప్రశ్నలో "సగటు ఎంత?" అని ఉండేది, జవాబు 34,200 సరిపోయేది. మొదటి సమీక్ష తర్వాత భాషను తేలిక చేద్దామని "మామూలుగా ఎంత సంపాదిస్తాడు?" అని మార్చాం. మాట మారగానే ప్రశ్న మారిపోయింది. ఆ ఐదుగురిలో నలుగురికి 13,500 దాటి రాదు, ఇక 34,200 మామూలు ఎలా అవుతుంది? మామూలు మనిషి సంపాదన చెప్పాలంటే వరుసలో నడుమనున్న మధ్యగతమే, 13,000. మా పై 30 మందిలో 19 మంది సరిగ్గా ఆ జవాబే ఇచ్చారు. సందర్భానికి తగిన సగటును ఎంచుకోవడం నేర్పుతామన్నాం. వాళ్లు నేర్చుకుని ఎంచుకున్నారు. మేం సున్నా వేశాం.

రెండో సమీక్షలో ముగ్గురు సమీక్షకులు ఈ ప్రశ్నను చూశారు, ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లల జవాబులే పట్టించాయి. కీ మార్చి 111 మందికీ మళ్లీ మార్కులు వేశాం. ఎందుకు మార్చామో మూడు కాలేజీల్లోనూ క్లాసులో చెప్పాం. చిత్తూరు మేడమ్ ఆ 19 మందిలో తన పిల్లలను పేరు పేరునా లేపి, ఎలా ఆలోచించారో చెప్పమన్నారట. ఇక నుంచి ఏ ప్రశ్న భాష మార్చినా కీని కొత్తగా మళ్లీ రాయాలి. ఇది 23వ అంశంగా చేరింది.

అక్టోబరు 19

వచ్చే నెల నుంచి పుత్తూరు సార్ కంప్యూటర్ ఫండమెంటల్స్ కోర్సును చూస్తాం. ఈసారి నేను విద్యార్థి లాగిన్‌తో కూర్చుంటాను. మా స్టాటిస్టిక్స్ కోర్సుకు క్రియేటివ్ కామన్స్ బై–ఎస్‌ఏ లైసెన్సు పెట్టాం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మా పేరు చెప్పి, మార్చినదాన్ని అదే షరతుతో పంచుకోవాలి.

సాయంత్రం చిత్తూరు నుంచి చూపు లేని ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. యూనిట్ 3 క్విజ్ ఎవరి సాయం లేకుండా తనే పూర్తి చేశాడట. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "సార్, యూనిట్ 5లో మదనపల్లె టమాటా ధరల పటం ఉందని ఫోన్ చెప్తా ఉండాది. అందులో ఏముందో చెప్పడం లేదు."

తెరిచి చూశాను. వివరణ గడిలో "టమాటా ధరల రేఖాచిత్రం" అని మాత్రమే ఉంది. నేనే రాశాను. కూర్చుని మళ్లీ రాశాను:

"పది రోజుల టమాటా ధరల గీత, పాఠం కోసం వేసుకున్న అంకెలు. మొదటి ఆరు రోజులు కిలో ధర 14, 16 రూపాయల మధ్య దాదాపు సమంగా సాగుతుంది. ఏడో రోజు 22కు, ఎనిమిదో రోజు 31కి లేస్తుంది. చివరి రెండు రోజులు 30 దగ్గర నిలుస్తుంది."

సేవ్ చేసి అతనికి మెసేజ్ పెట్టాను. పది నిమిషాలకు జవాబు వచ్చింది: "ఇప్పుడు తెలిసింది సార్. లెక్క చేస్తా ఉండా."